పొలానికి రాతిపొడి: ఏ రాయి, ఏ నేలకు, ఎంత మెత్తగా

మీ ప్రశ్న సారాంశం ఇది: నేల పరీక్షలో పొటాష్, మెగ్నీషియం తక్కువగా ఉన్నాయనీ, నేలకు కొంత ఆమ్లగుణం ఉందనీ తేలింది, రసాయన ఎరువులను క్రమంగా తగ్గించాలనుకుంటున్నారు, ఒక కంకర క్రషర్ వారు రాతిపొడిని ఊరికే తీసుకుపొమ్మంటున్నారు, దానిని పొలంలో చల్లితే నేల పోగొట్టుకున్న ఖనిజాలు తిరిగి వస్తాయా, ఎంత వేయాలి, ఫలితం ఎన్నాళ్లకు కనిపిస్తుంది అని అడిగారు. రాయి సరైనదై, పిండిలా మెత్తగా ఉండి, మీ నేలలో దానిని కరిగించగల తేమ, ఆమ్లం, జీవం ఉంటే ఖనిజాలు తప్పకుండా వస్తాయి. అయితే అవి ఏళ్ల మీద వస్తాయే తప్ప ఒక పంటకాలంలో రావు. క్రషర్ వద్ద ఊరికే దొరికేదల్లా ఈ షరతులకు నిలబడదు కాబట్టి, ట్రాక్టరు పంపే ముందు కింది విషయాలు చూడవలసిందిగా కోరుతున్నాను.

అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసిన సంగతి, మీ నేల కూడా ఒకప్పటి రాతిపొడే. ఎకరం విస్తీర్ణంలో పై పదిహేను సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 900 టన్నులు ఉంటుంది. అభ్రకం, ఫెల్డ్‌స్పార్ వంటి పొటాషియం ఉన్న ఖనిజాలు ఇంకా మిగిలి ఉన్న నేలల్లో మొత్తం పొటాషియం ఒక శాతం ఉండడం అసాధారణమేమీ కాదు, అంటే ఆ పై పొరలోనే తొమ్మిది టన్నుల పొటాషియం ఉన్నట్లు. అటువంటి నేలలో నేల పరీక్ష “పొటాష్ తక్కువ” అని చెప్పిందంటే ఖజానా ఖాళీ అయిందని కాదు, తాళం తెరుచుకోవడం లేదని అర్థం. అక్కడ మరో ఇరవై కిలోల పొటాష్ ఉన్న రాతిపొడిని తెచ్చి పోయడం కంటే, సేంద్రియ కర్బనాన్ని పెంచి, గడ్డిని, పంట వ్యర్థాలను పొలానికే తిరిగి ఇవ్వడం మేలు. ధాన్యపు పంటలు తీసుకున్న పొటాష్‌లో అత్యధిక భాగం గింజలో కాక గడ్డిలోనే ఉంటుంది కనుక, గడ్డిని కాల్చినా అమ్ముకున్నా వెళ్లిపోయేది ప్రధానంగా అదే. దీనికి భిన్నంగా, వేల ఏళ్ల భారీ వర్షాలకు కడుక్కుపోయి, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు, కయోలినైట్ బంకమన్ను, పలుగు (క్వార్ట్జ్) ఇసుక మాత్రమే మిగిలిన ఎర్రని లాటరైట్ నేలల్లో ఖజానా నిజంగానే ఖాళీగా ఉంటుంది. రాతిపొడికి అసలైన చోటు అదే. మీ నేల ఈ రెండింటిలో ఏ వైపున ఉందో తెలియాలంటే అందుబాటులో ఉన్న పొటాష్‌ను మాత్రమే కాక, మొత్తం పొటాషియాన్ని, క్యాటయాన్ మార్పిడి సామర్థ్యాన్ని (పొటాషియం, కాల్షియం వంటి పోషకాలను నేల పట్టి ఉంచగల శక్తిని) కూడా ఒక్కసారి పరీక్ష చేయించండి. ఆ ఒక్క పరీక్ష మీకు చాలా శ్రమను ఆదా చేయవచ్చు.

క్షారగుణం గల నేలల వారు కూడా ఇదే ప్రశ్న తరచుగా అడుగుతుంటారు కనుక వారి కోసం ఒక మాట. పీహెచ్ ఎనిమిదికి దగ్గరగా ఉండి సున్నం పేరుకున్న నేలలో రాతిపొడి దాదాపు రాయిగానే మిగిలిపోతుంది. అక్కడ ఆకులు పసుపుబారడానికి కారణం నేలలో ఇనుము లేకపోవడం కాదు, ఆ పీహెచ్ వద్ద అది కరగకపోవడం. ఇనుమున్న రాయిని ఎంత వేసినా అది కూడా కరగదు.

రాయి నుంచి పోషకం ఎలా విడుదలవుతుందో తెలిస్తే తక్కిన నిర్ణయాలన్నీ సులువవుతాయి. వేర్లు, సూక్ష్మజీవులు శ్వాసించడం వల్ల నేలలోని గాలిలో కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. అది నీటిలో కరిగి బలహీనమైన కార్బోనిక్ ఆమ్లంగా మారుతుంది; ఆ ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లు ఖనిజపు ఉపరితలం మీద ఉన్న కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం అయాన్లను తొలగించి వాటి స్థానంలో చేరతాయి. ఫలితంగా ఆ పోషకాలు నేల నీటిలోకి వస్తాయి, ఆమ్లగుణం కొంత తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ బైకార్బొనేటుగా మారుతుంది, సిలికా సిలిసిక్ ఆమ్లంగా కరుగుతుంది. వరి, చెరకు వంటి పంటలు ఈ సిలిసిక్ ఆమ్లాన్ని పెద్ద మొత్తంలో తీసుకుని కాండాన్ని, ఆకును గట్టిపరచుకుంటాయి. అంతేకాక, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు భాస్వరాన్ని పట్టి ఉంచే స్థానాల కోసం సిలిసిక్ ఆమ్లం పోటీపడుతుంది కాబట్టి, ఎర్రనేలల్లో బందీగా ఉన్న భాస్వరం కొంత విడుదల కావడానికి కూడా అది తోడ్పడుతుంది. నా అంచనాలో, ఆమ్ల నేలల్లో బసాల్ట్ అనే నల్లరాయి పొడి వల్ల తొలుత కనిపించే మేలులో ఎక్కువ భాగం పొటాష్ వల్ల వచ్చినది కాదు. పీహెచ్ కొద్దిగా పెరగడం, అల్యూమినియం విషప్రభావం తగ్గడం, కాల్షియం, మెగ్నీషియం, సిలికా అందడం వల్ల వచ్చినది.

ఇక రాయి సంగతి. ఖనిజాలన్నీ ఒకే వేగంతో శిథిలం కావు. 1938 లో శామ్యూల్ గోల్డిచ్ అనే భూవిజ్ఞాని వీటిని ఒక వరుసలో పెట్టి చూపారు: ఆలివిన్ అన్నిటికంటే త్వరగా శిథిలమవుతుంది, తరువాత పైరాక్సీన్, కాల్షియం ఎక్కువగా ఉన్న ప్లాజియోక్లేజ్, ఆపైన నల్ల అభ్రకం, పొటాష్ ఫెల్డ్‌స్పార్, తెల్ల అభ్రకం, చిట్టచివర పలుగు. లావా నుంచి ఏర్పడిన బసాల్ట్, దాని బంధువులైన డోలరైట్, గాబ్రో వంటి నల్లరాళ్లలో ఈ వరుసలోని ముందటి ఖనిజాలే ఎక్కువ. గ్రానైట్‌లో చివరివి ఎక్కువ.

నేను మొదట్లో మోసపోయింది ఇక్కడే. గ్రానైట్ విశ్లేషణ పత్రంలో పొటాషియం ఆక్సైడ్ నాలుగున్నర శాతమని, బసాల్ట్ పత్రంలో ఒక శాతం కంటే తక్కువని చూసి, సహజంగానే గ్రానైట్ పొడిని ఎంచుకుని మూడేళ్లు వేశాను. వేసిన మడికి, వేయని మడికి నా కంటికి గానీ తూకానికి గానీ తేడా తెలియలేదు. ఆ పొటాష్ దాదాపు అంతా ఫెల్డ్‌స్పార్‌లో బిగిసి ఉంటుందనీ, పత్రంలోని శాతం రాయిలో ఎంత ఉందో చెబుతుందే తప్ప ఎంత ఇస్తుందో చెప్పదనీ తరువాత అర్థమయింది. కాబట్టి మీరు క్రషర్ వారిని అడగవలసిన మొదటి ప్రశ్న “ఇందులో ఎంత పొటాష్ ఉంది” అని కాదు, “ఇది ఏ రాయి” అని. వారు చెప్పలేకపోతే ఒక గుప్పెడు కంకరను భూగర్భశాస్త్రం చదివిన వారెవరికైనా చూపించండి. వీలైతే ప్రయోగశాలలో ఎక్స్‌రే డిఫ్రాక్షన్ పరీక్ష చేయించండి. అది మూలకాలను కాక ఖనిజాలను చూపిస్తుంది. పొటాష్ కోసమే ప్రత్యేకంగా రాయి వెదికేవారికి నెఫెలిన్ అనే ఖనిజం ఉన్న రాళ్లు, ఫోనోలైట్ అనే లావా రాయి, నల్ల అభ్రకం సమృద్ధిగా ఉన్న రాళ్లు గ్రానైట్ కంటే ఎంతో మేలు.

సరైన బసాల్టే దొరికిందనుకుందాం. దాని నుంచి ఎంత ఆశించవచ్చో లెక్క వేసి చూడండి. ఎకరానికి రెండు టన్నులు వేస్తే, ఒక శాతం చొప్పున అందులో మొత్తం 20 కిలోల పొటాషియం ఆక్సైడ్ ఉంటుంది. మొదటి ఏడాది అందులో ఐదు శాతం కరుగుతుందని ఉదారంగా అనుకున్నా, పంటకు చేరేది ఒక కిలో. యాభై కిలోల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ బస్తాలో 30 కిలోలు ఉంటుంది. మెగ్నీషియం పరిస్థితి మెరుగు: ఆక్సైడ్ రూపంలో ఆరు శాతం ఉన్న రాయిలో రెండు టన్నులకు 120 కిలోలు ఉంటుంది, అదే ఐదు శాతం లెక్కన తొలి ఏడాదికి ఆరు కిలోలు. కాల్షియం ఇంకా ఎక్కువ. సూక్ష్మపోషకాల గురించి రాతిపొడి అమ్మేవారు ఘనంగా చెబుతారు కనుక అదీ చూద్దాం. బసాల్ట్‌లో జింక్ సుమారు 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో 100 భాగాలు) ఉంటుంది; రెండు టన్నులలో మొత్తం 200 గ్రాములు. జింక్ లోపం స్పష్టంగా కనిపిస్తున్న పొలంలో ఎకరానికి పది కిలోల జింక్ సల్ఫేట్ వేస్తే రెండు కిలోలకు పైగా జింక్ అందుతుంది, అదీ కరిగే రూపంలో. బోరాన్, మాలిబ్డినం, గంధకం బసాల్ట్‌లో తక్కువే. నత్రజని ఏ రాతిపొడిలోనూ లెక్కించదగినంత ఉండదు. ఈ లెక్క మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. రాతిపొడి ఏటా వేసే ఎరువుకు బదులు కాదని, పదేళ్ల కాలానికి నేలలో వేసుకునే మదుపు వంటిదని చూపించడానికే. లోపం తీవ్రంగా ఉన్న చోట ఆ పోషకాన్ని నేరుగా అందిస్తూనే, మరోవైపు రాతిపొడితో నిల్వను పెంచుకోవాలి.

మెత్తదనం దగ్గర చాలామంది పొరబడతారు. శిథిలం కావడం ఉపరితలం మీద జరిగే పని కాబట్టి రేణువు ఎంత చిన్నదైతే పని అంత వేగంగా సాగుతుంది. ఒక గ్రాము రాయి ఒక మిల్లీమీటరు రేణువులుగా ఉంటే దాని ఉపరితలం సుమారు 20 చదరపు సెంటీమీటర్లు. అదే రాయి మిల్లీమీటరులో పదో వంతుకు నలిగితే 200, వందో వంతుకు నలిగితే 2000. క్రషర్ డస్ట్ అని పిలిచేది నాలుగైదు మిల్లీమీటర్ల చిన్న కంకర నుంచి దుమ్ము వరకు అన్నీ కలిసిన సరుకు. అందులో అత్యధిక భాగం ముతక ఇసుకే, పొలానికి పనికివచ్చే పిండి కొద్దిపాటిగానే ఉంటుంది. అదే క్రషర్ వద్ద దుమ్మును పట్టే సంచుల్లో, గొట్టాల చివర చేరే సన్నని పొడి వేరుగా దొరికితే దానినే అడగండి. కనీసం 100 మెష్ జల్లెడ, అంటే 150 మైక్రాన్ల కన్నం దాటే పొడి సగానికి పైగా ఉండాలన్నది నేను పాటించే హద్దు. 200 మెష్ దాటేది ఎక్కువగా ఉంటే మరీ మంచిది. జల్లెడ లేనివారు గాజు సీసాలో మూడు వంతుల నీళ్లలో నాలుగు చెంచాల పొడి వేసి గట్టిగా కుదిపి నిలబెట్టాలి. అర నిమిషంలో అడుగుకు చేరినదంతా ఇసుక. ఆ తరువాత కూడా నీటిలో తేలుతూ దానికి బూడిద రంగునిచ్చేదే మీకు కావలసినది.

గ్రానైట్ పలకలు కోసే చోట పారబోసే బురద చాలా మెత్తగా ఉంటుంది కనుక అది బాగుంటుందేమో అనిపిస్తుంది. కానీ అందులో కోత కోసం వాడే ఉక్కు రవ్వ, సున్నం, కొన్నిచోట్ల నూనెలు కలిసి ఉంటాయి. పరీక్ష చేయించకుండా దాని జోలికి పోవద్దు.

రాతిని కరిగించే పని నీటికంటే జీవం బాగా చేస్తుంది. వేర్లు, బూజులు, బాక్టీరియాలు ఆక్సాలిక్, సిట్రిక్, గ్లూకోనిక్ వంటి సేంద్రియ ఆమ్లాలను విడుదల చేసి ఖనిజాల నుంచి లోహ అయాన్లను లాగుతాయి. వేర్లతో కలిసి జీవించే మైకోరైజా అనే బూజు పోగులు వేరు చేరలేని సందుల్లోకి వెళ్లి రేణువును తొలుస్తాయి. వానపాము తన పొట్టలో మట్టితో పాటు రేణువులను నూరుతుంది. పొటాష్‌ను కరిగించే జీవన ఎరువుగా వాడుకలో ఉన్న ఫ్రాట్యూరియా ఆరాన్షియా అనే బాక్టీరియా చేసే పని కూడా ఇదే. అందువల్ల సేంద్రియ పదార్థం లేని నేలలో రాతిపొడి వేయడం వంట చేసేవారు లేని ఇంటికి బియ్యం పంపినట్లు ఉంటుంది. నేను ఇప్పుడు రాతిపొడిని నేరుగా పొలంలో చల్లడం చాలావరకు మానేశాను. కంపోస్టు కుప్ప వేసేటప్పుడే పొరల మధ్య, వంద కిలోల పదార్థానికి ఐదు నుంచి పది కిలోల చొప్పున చల్లుతాను. కుప్పలోని వేడి, తేమ, ఆమ్లాలు, సూక్ష్మజీవులు రెండు మూడు నెలల పాటు ఒకే చోట ఆ రేణువుల మీద పనిచేస్తాయి. పశువుల పాకలో కింద చల్లినా మూత్రాన్ని పీల్చుకుని పేడతో పాటు కుప్పకు చేరుతుంది. వర్మీకంపోస్టులో మాత్రం పొడి ఎక్కువైతే పడక గట్టిపడుతుంది కాబట్టి ఐదు శాతం దాటనివ్వకండి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 19వ శతాబ్దం చివరలోనే జర్మనీకి చెందిన యూలియస్ హెన్‌సెల్ రాతిపొడి చాలు, మరే ఎరువూ అక్కరలేదని వాదించారు. నత్రజని సంగతి పక్కన పెట్టిన ఆ అతివాదం వల్ల ఈ విషయానికి చాలాకాలం అపఖ్యాతే మిగిలింది. 20వ శతాబ్దం మధ్యలో మారిషస్‌లో బాగా కడుక్కుపోయిన నేలల్లో చెరకుకు బసాల్ట్ పొడిని చాలా భారీ మోతాదుల్లో వేసి దిగుబడి పెరుగుదలను నమోదు చేశారు. ఇటీవల దీనిని అత్యంత పద్ధతిగా పట్టించుకున్న దేశం బ్రెజిల్. అక్కడి విశాలమైన ఎర్రనేలలు సరిగ్గా నేను పైన చెప్పిన ఖాళీ ఖజానా నేలలు. 2013 లో ఆ దేశం తన ఎరువుల చట్టాన్ని సవరించి నేలకు ఖనిజాలను తిరిగి చేర్చే రాతిపొడులను ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించింది. 2016 లో వాటికి ప్రమాణాలు నిర్ణయించింది. కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం ఆక్సైడ్ల మొత్తం కనీసం 9 శాతం, పొటాషియం ఆక్సైడ్ ఒక్కటే కనీసం 1 శాతం ఉండాలి; విడిగా ఉన్న పలుగు 25 శాతం దాటరాదు; ఆర్సెనిక్ 15, కాడ్మియం 10, పాదరసం 0.1, సీసం 200 పీపీఎం లోపు ఉండాలి. మీరు ఏ దేశంలో ఉన్నా, ఒక రాతిపొడి విశ్లేషణ పత్రం చేతికి వచ్చినప్పుడు పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఇంతకంటే సులభమైన కొలబద్ద నాకు కనిపించలేదు.

అమెరికాలోని ఇల్లినాయ్‌లో జరిపి 2024 లో ప్రచురించిన ప్రయోగాన్ని ఉదహరిస్తూ “బసాల్ట్‌తో 12 నుంచి 16 శాతం దిగుబడి పెరుగుతుంది” అని ప్రచారం చేయడం మీరు చూసి ఉంటారు. మొక్కజొన్నలో 12, సోయాలో 16 శాతం పెరిగిన మాట నిజమే. కానీ అక్కడ వేసిన మోతాదు హెక్టారుకు ఏటా 50 టన్నులు, అదీ నాలుగేళ్ల పాటు. అంటే ఎకరానికి ఏటా ఇరవై టన్నులు. ఆ ప్రయోగపు ప్రధాన ఉద్దేశం వాతావరణంలోని కార్బన్ డయాక్సైడ్‌ను రాతి శైథిల్యం ద్వారా బంధించడం. ఎకరానికి రెండు టన్నులు వేసి ఆ ఫలితం ఆశించడం న్యాయం కాదు. చల్లని దేశాల్లో తక్కువ మోతాదులతో జరిగిన కొన్ని ప్రయోగాల్లో పంటకు తేడా ఏమీ కనిపించలేదన్నది కూడా అంతే నిజం. వేడి, తేమ, ఆమ్లగుణం ఉన్న చోటనే రాయి త్వరగా కరుగుతుంది.

మోతాదు విషయంలో, మీ నేల పీహెచ్ ఐదున్నర ప్రాంతంలో ఉందనుకుంటే, మెత్తని బసాల్ట్ పొడిని ఎకరానికి రెండు నుంచి నాలుగు టన్నులు తొలకరికి ముందు వేసి, పై పది పదిహేను సెంటీమీటర్లలో కలిసేలా దున్ని, వెంటనే పచ్చిరొట్ట పైరు విత్తమని నా సలహా. మట్టితో కలవకుండా పైన ఎండిన పొరగా ఉండిపోతే ప్రయోజనం తక్కువ. మూడు నాలుగేళ్ల తరువాత నేల పరీక్ష చూసి మళ్లీ వేయాలా వద్దా నిర్ణయించవచ్చు. పీహెచ్ ఐదు కంటే తక్కువగా ఉంటే ముందు వ్యవసాయ సున్నం లేదా డోలమైట్ వాడండి. ఆమ్లాన్ని తగ్గించే శక్తిలో బసాల్ట్ వాటికి సరితూగదు, పైగా మీకు లోపంగా ఉన్న మెగ్నీషియం డోలమైట్ నుంచి ఎంతో త్వరగా అందుతుంది. సంచిలో ఉన్నది సున్నపురాయి పొడా, బసాల్ట్ పొడా అన్న అనుమానం వస్తే రెండు చుక్కల పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి చూడండి: సున్నపురాయి బుసబుస పొంగుతుంది, బసాల్ట్ సాధారణంగా పొంగదు. దూరం నుంచి లారీలతో తెప్పించవలసి వస్తే ఒక్కసారి ఆలోచించండి. టన్నుల కొద్దీ రాయిని వందల కిలోమీటర్లు మోయడానికి కాల్చే డీజిల్, సుస్థిర వ్యవసాయం పేరుతో చేసే పనిలో మేలును చాలావరకు తినేస్తుంది.

ప్రమాదాల గురించి కూడా చెప్పాలి. ఆలివిన్ త్వరగా కరుగుతుంది కదా అని దాదాపు అంతా ఆలివిన్‌తోనే ఏర్పడిన డ్యూనైట్ రాయిని ఎంచుకుంటే నికెల్ 2000 పీపీఎం స్థాయిలో ఉంటుంది, క్రోమియం కూడా ఎక్కువే. పొలంలో ఒకసారి చేరిన నికెల్‌ను తీసివేసే మార్గం లేదు. పచ్చని సర్పెంటినైట్‌లో ఆస్‌బెస్టాస్ పోగులు ఉండే అవకాశం ఉంది. పలుగు ఉన్న ఏ పొడినైనా ఎండలో చల్లినప్పుడు లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ వ్యాధికి దారితీస్తుంది, దానికి నయం చేసే మందు లేదు. పొడిని తడిపి లేదా తడి కంపోస్టులో కలిపి మాత్రమే చల్లండి. చేతితో పని చేసేవారందరికీ ఎన్‌95 మాస్కు ఇవ్వండి, ముఖానికి చుట్టుకునే గుడ్డ చాలదు.

చివరిగా, పొలమంతా ఒకేసారి వేయవద్దు. ఒకే రకమైన నేల ఉన్న భాగంలో వేసిన పట్టీ, వేయని పట్టీ ఒకదాని పక్కన ఒకటి వచ్చేలా కనీసం మూడు జతలు గుర్తించి, మిగిలిన ఎరువు, నీరు, విత్తనం అన్నీ సమానంగా ఇచ్చి, ప్రతి పట్టీ దిగుబడిని విడిగా తూచి మూడేళ్లు రాసుకోండి. నేల నమూనాలను ఏటా ఒకే నెలలో తీసి ఒకే ప్రయోగశాలకు పంపండి. అక్కడ ఏ ద్రావణంతో పరీక్షిస్తారో ముందే అడగండి: మెహ్లిచ్ వంటి ఆమ్ల ద్రావణాలు నమూనాలో ఇంకా కరగకుండా ఉన్న రాతి రేణువులను కూడా కొంత కరిగించి, పంటకు అందని పోషకాన్ని అందుతున్నట్లు చూపుతాయి. తటస్థ అమ్మోనియం అసిటేట్‌తో చేసే పరీక్షలో ఈ పొరపాటు తక్కువ. నేల పరీక్షలో అంకె పెరిగినా ఆకు విశ్లేషణలో మెగ్నీషియం, పొటాష్ పెరగకపోతే, ఆ పెరుగుదల సీసాలో జరిగిందే తప్ప పొలంలో జరగలేదని భావించి, మరుసటి ఏడాది మోతాదు పెంచకుండా కంపోస్టు పెంచండి.